ఆ వాల్వ్ ఎన్ని డిగ్రీలకి తెరుచుకోవాలి?

ఆవిరి తన వేడి ఇచ్చేశాక నీరవుతుంది. ఆ నీటిని, అంటే కండెన్సేట్‌ని, బయటికి వదిలి ఆవిరిని మాత్రం ఆపేదే స్టీమ్ ట్రాప్. ఉష్ణోగ్రతని బట్టి పనిచేసే ట్రాప్ డిజైన్ చేయమంటే మనలో చాలామందిమి మొదట రాసేది ఒకటే: "95 డిగ్రీల దగ్గర తెరుచుకోవాలి." నేనూ అదే రాశాను. వైవాలో సార్ ఒక్కటే అడిగారు: "ప్రెషర్ ఎంతమ్మా?" నోట మాట రాలేదు.

మరిగే నీటి ఉష్ణోగ్రత ప్రెషర్‌ని బట్టి మారుతుంది కదా. గేజీలో సున్నా ఉంటే 100 డిగ్రీలు, 1 బార్‌కి 120, 5 బార్లకి 159. 5 బార్ల లైన్‌లో 95 అని పెట్టామా, నీళ్ళు 64 డిగ్రీలు చల్లారేదాకా వాల్వ్ తెరుచుకోదు. ఈలోపు పైపు నిండుతుంది. పోనీ 150 పెడదామా? ప్రెషర్ 1 బార్‌కి దిగినప్పుడు 120 డిగ్రీల ఆవిరి కూడా దానికి చల్లారిన నీళ్ళలాగే అనిపిస్తుంది, దర్జాగా బయటికి పంపేస్తుంది.

దీనికి పాత ఉపాయం ఒకటుంది. చిన్న కేప్సూల్‌లో నీటికన్నా కాస్త ముందే మరిగే ద్రవం పోసి మూసేస్తారు. చుట్టూ ఆవిరి ఉంటే ద్రవం మరిగి, కేప్సూల్ ఉబ్బి, వాల్వ్ మూసుకుంటుంది. బయట ప్రెషర్ పెరిగితే లోపలి ద్రవం మరగడానికీ ఎక్కువ వేడి కావాలి. అంటే సెట్టింగ్ దానంతటదే మారుతుంది. ఆర్డ్వినో అభిమానులు క్షమించాలి, సెన్సర్ లేదు, కోడ్ లేదు.

నా అసలు గొడవ వేరే. ఆ కేప్సూల్‌కి చిల్లు పడితే ఏమవుతుంది? వాల్వ్ తెరుచుకుని ఉండిపోయేలా చేయొచ్చు, మూసుకుపోయేలా కూడా చేయొచ్చు. తెరుచుకుంటే ఆవిరి దండగ. వాతావరణ పీడనం దగ్గర కిలో ఆవిరికి 2257 కిలోజౌళ్ళ గుప్తోష్ణం పోయినట్టే. మూసుకుంటే నీళ్ళు నిలుస్తాయి. దూసుకొచ్చే ఆవిరి ఆ నీటిని ఎత్తుకెళ్ళి పైపు వంపులో గుద్దుతుంది. వాటర్ హ్యామర్ అనేది దీన్నే. ఫిట్టింగులు పగులుతాయి, పక్కన మనిషి ఉంటే ప్రాణం మీదికొస్తుంది. మన రిపోర్టుల్లో ఎఫిషియెన్సీకి నాలుగు పేజీలు, దీనికి ఒక్క లైన్ కూడా ఉండదు. మార్కులు లేవు మరి! నన్నడిగితే ఆ ప్రశ్నకి జవాబు రాశాకే స్కెచ్ మొదలుపెట్టాలి.

ఇంకోటి. నీళ్ళు చల్లారితేనే ఈ ట్రాప్ తెరుచుకుంటుంది, కాబట్టి దాని ముందు ఓ మీటరు పైపుని ఇన్సులేషన్ లేకుండా వదలండి. నేను ఎనర్జీ సేవింగ్ అని శ్రద్ధగా చుట్టేశాను, డ్రాయింగ్‌లో.