పాసుబుక్కు అద్దెకిచ్చేది కాదు

పోయిన నెల ఓటీపీ గురించి రాస్తే చాలామంది నవ్వారు. "అది మా చిన్నపిల్లకు గూడ తెలుసు కాకా, కొత్తదేమన్నా రాయి" అన్నారు. సరే, కొత్తదే రాస్తా. ఫోను మోసం అంటే మన పైసలు పోవడమే అనుకుంటాం. మనది ఒక్క రూపాయి పోకుండా మనల్ని ముంచే మోసం ఒకటి ఇప్పుడు మన షోలాపూర్ చాళ్లల్లో తిరుగుతోంది.

కార్ఖానా విడిచినంక చాయ్ బండి దగ్గర నిలబడ్డ పిల్లగాని దగ్గరికి ఒకడు వస్తాడు. బయటివాడు కాదు, చాలాసార్లు మన గల్లీవాడే. "నీ అకౌంటు ఖాళీగానే ఉంటది కదా, నెల రోజులు నాకియ్యి. నీది ఏం పోదు. 3,000 ఇస్తా" అంటాడు. అడిగేది పాసుబుక్కు, ఏటీఎం కార్డు, ఆ ఖాతాకు కలిపిన సిమ్ము. మూడూ చేతికొస్తే ఖాతా వానిదే. పేరు మాత్రం మనది.

తర్వాత ఎక్కడో ఎవరినో ముంచిన డబ్బు ఆ ఖాతాలో పడుతుంది. నిమిషాల్లో ఇంకో నాలుగు ఖాతాలకు పోతుంది, లేదంటే ఏటీఎంలోంచి బయటికొస్తుంది. పోగొట్టుకున్న మనిషి ఫిర్యాదు చేస్తే పోలీసులు డబ్బు నడిచిన దారిలోనే వస్తారు. దారిలో కనిపించే మొదటి పేరు పాసుబుక్కు మీద ఉన్నది. అసలు దొంగ ఏ పేరుతోనూ కనిపించడు. ఇలాంటి ఖాతాను బ్యాంకువాళ్లు మ్యూల్ అకౌంట్ అంటారు. మ్యూల్ అంటే కంచర గాడిద. మోసేది అది, సరుకు ఇంకెవరిదో. పేరు బాగానే కుదిరింది. ఇలాంటి ఖాతాల్ని కంప్యూటరుతో పసిగట్టడానికి మ్యూల్‌హంటర్ అనే ఏర్పాటు ఉందని 2024 డిసెంబరులో రిజర్వు బ్యాంకే చెప్పింది. దొరకదులే అనుకునే రోజులు పోయాయి.

నాకు తెలిసిన ఒక ఇంట్లో కొడుకు ఇచ్చింది తన ఖాతా కూడా కాదు, తల్లిది. ఆమె బీడీలు చుడుతుంది. బీడీ పగార్ ఆ ఖాతాలోకే, లాడ్కీ బహీణ్ కింద నెలకు వచ్చే 1,500 కూడా ఆ ఖాతాలోకే. కూతురి కాన్పుకని రూపాయి రూపాయి కూడబెట్టిన 11,000 అందులోనే ఉంది. కార్డు పది రోజులకు తిరిగొచ్చింది. పని అయిపోయిందనుకున్నాడు పిల్లగాడు. నెలన్నరకు ఆమె పైసలు తీయబోతే "హోల్డ్ ఉంది" అన్నారు. నేను వెంట పోయాను. ఫిర్యాదు తెలంగాణ నుంచి. అక్కడి పోలీసాయనతో ఫోనులో మాట్లాడితే తెలిసింది, పోగొట్టుకున్నది రిటైరైన ఒక పెద్దాయన. "డిజిటల్ అరెస్టు చేశాం, వీడియో ముందు నుంచి కదలొద్దు" అని భయపెట్టి లాగారట. అట్లాంటి అరెస్టు మన దేశంలో ఏ చట్టంలోనూ లేదు. ఫోనులో అరెస్టు చేసేవాడు పోలీసు కాడు. ఆ పెద్దాయన ముసలితనానికి దాచుకున్న డబ్బు, ఈమె కాన్పుకు దాచుకున్న డబ్బు, రెండూ ఒకే ఖాతాలో చిక్కాయి. అడ్డమైన 3,000 ఇచ్చినవాడు మాత్రం గల్లీలో లేడు.

పిల్లగాన్ని తిట్టి లాభం లేదని ఆమెకు చెప్పాను. సాంచాల మీద 3,000 సంపాదించాలంటే ఎన్ని రోజులు నిలబడాలో మనకు తెలుసు. కానీ ఒక మాట. మన పెద్దలు ఎంత లేనివాళ్లయినా తెలియనివానికి జామీను ఉండేవాళ్లు కాదు. సేటు దగ్గర బాకీ తీసుకున్నవాడు పారిపోతే జామీనుదారు పగార్ కోస్తారని తెలుసు. పాసుబుక్కు ఇవ్వడం అంతకంటే పెద్ద జామీను. ఎంతకు, ఎవరికి ఉంటున్నామో కూడా తెలియదు.

అద్దె అని అడిగితే కొందరైనా జాగ్రత్త పడతారు. అట్లా అడగకుండా కూడా వస్తారు. "ఇంటి నుంచి పని, మీ ఖాతాలో పడ్డదాన్ని మేం చెప్పిన నంబరుకు పంపితే చాలు, కమీషన్ ఉంచుకోండి" అంటారు. అది ఉద్యోగం కాదు, గాడిద మోత. ఇంకోటి, తెలియనివాళ్లు పైసలు వేసి "తప్పుగా పడ్డాయి అక్కా, ఈ నంబరుకు తిరిగి పంపు" అని ఏడుస్తారు. మీరు పంపొద్దు. బ్యాంకుకు పోయి చెప్పండి, వాళ్లే చూసుకుంటారు.

సిమ్ము సంగతి కూడా చూడండి. రోడ్డు మీద గొడుగు వేసుకుని సిమ్ములు అమ్మేవాడు "వేలు సరిగ్గా పడలేదు, ఇంకోసారి" అంటే, ఆ రెండో ముద్రతో మీ పేరు మీద ఇంకో సిమ్ము తీయొచ్చు. ఒక మనిషి పేరు మీద 9 సిమ్ములకు మించి ఉండకూడదు. మీ పేరు మీద ఎన్ని ఉన్నాయో సంచార్ సాథీలో చూడొచ్చు, మీది కానిదాన్ని "నాది కాదు" అని అక్కడే చెప్పొచ్చు. ఇంట్లో పదో తరగతి పిల్ల ఉంటే పది నిమిషాల పని. మా ఇంట్లో మనవరాలే చూసింది.

ఇప్పటికే ఖాతా ఇచ్చినవాళ్లుంటే, దాచకండి. బ్యాంకులో రాసిచ్చి ఖాతా ఆపించండి, కాపీ మీద ముద్ర వేయించుకోండి. సైబర్ పోలీసుల దగ్గరికి వాళ్లు రాకముందే మీరే పోండి. ఆ మనిషితో జరిగిన వాట్సాప్ మాటలు చెరిపేయొద్దు, మీకున్న సాక్ష్యం అదొక్కటే. ఖాతా ఆగిపోతే ఏ రాష్ట్రం, ఏ ఠాణా, ఫిర్యాదు నంబరు ఎంత అని బ్యాంకును రాతపూర్వకంగా అడగండి. పగార్ పడ్డ ఎంట్రీలు చూపించి, గొడవలో ఉన్న సొమ్ము వరకే ఆపి మిగతాది విడవమని దరఖాస్తు పెట్టండి. ఇలాంటి ఒక కేసులో కేరళ హైకోర్టు అట్లాగే చెప్పింది. బీడీ తల్లి దరఖాస్తు కూడా పెట్టాం, జవాబు ఇంకా రాలేదు.

మీ పైసలే పోతే 1930కి వెంటనే ఫోను చేయండి. రేపు చేద్దాం అనుకుంటే ఆ డబ్బు నాలుగు ఖాతాలు దాటిపోతుంది. అక్కడ మరాఠీలోనో హిందీలోనో మాట్లాడాల్సి వస్తుంది, తెలుగు తప్ప రాని అవ్వలు పక్కన చదువుకున్న పిల్లను కూర్చోబెట్టుకోండి. ఖాతా నంబరు, పైసలు పోయిన టైము, మెసేజీలో ఉన్న పొడుగు నంబరు ముందే కాగితం మీద రాసుకోండి. అవే మొదట అడుగుతారు.