తలల లెక్క, నేల లెక్క

శ్రీబాగ్ ఒడంబడికలో ఏమున్నదని అడిగినచో మా సీమ విద్యార్థులు మూడు విషయములు తడుముకొనకుండ చెప్పుదురు. రాజధాని, హైకోర్టులలో కోరుకొన్నది సీమకు రావలెను. విశ్వవిద్యాలయ కేంద్రమొకటి అనంతపురమున నెలకొనవలెను. తుంగభద్ర, కృష్ణ, పెన్న నీటిలో పదియేండ్లపాటు, అవసరమైనచో అంతకు మించియు, రాయలసీమకును నెల్లూరునకును ముందు వంతు ఈయవలెను. పాతికేండ్లకు పైగా ఈ ప్రశ్న అడుగుచున్నాను. నాలుగవ విషయము చెప్పినవారు ఇంతవరకు నాకు తగులలేదు. తెలుగు పాఠము చెప్పుకొనువానికి శాసనసభల గొడవ ఏలయని అధ్యాపక మిత్రులు పరిహసింతురు. మాట యిచ్చుట, దానిని ఎచ్చట వ్రాసి ఉంచితిమో చూచుకొనుట కూడ భాషకు సంబంధించిన పనులే యని నా సమాధానము.

1937 నవంబరు 16వ తేదీన మదరాసులో కాశీనాథుని నాగేశ్వరరావుగారి గృహమగు శ్రీబాగ్‌లో కుదిరిన ఆ ఒడంబడికలో నాలుగవ మాట యొకటి కలదు. రాబోవు ఆంధ్రరాష్ట్ర శాసనసభలో సాధారణ స్థానములను జిల్లాకు సమానముగ పంచవలెనన్నదే ఆ మాట. గోదావరి జిల్లాలో ఎందరున్నారు, కడప జిల్లాలో ఎందరున్నారు అని తలలు లెక్కింపక, జిల్లాకు జిల్లా సమానమని భావింపవలెను. దీని మర్మము సీమ నేల నెరిగినవారికి వేరుగ చెప్పనక్కరలేదు. కాలువ పారిన చోట జనము చేరుదురు. జనము చేరిన చోట ఓట్లు చేరును. ఓట్లున్న చోటికి మరల కాలువ వచ్చును. కాలువ లేని నేలకు ఈ చక్రములో చోటెక్కడ? కడప కోటిరెడ్డిగారు, కల్లూరి సుబ్బారావుగారు మొదలగు సీమ నాయకులు ఆనాడు కోస్తా పెద్దలతో కూర్చుండి తేల్చుకొన్న చిక్కు ఇదియే.

ఈ చిక్కు మనకే కొత్తగ వచ్చినది కాదు. అంతకు సరిగా నూటయేబది యేండ్ల ముందు, 1787 వేసవిలో, అమెరికా రాష్ట్రముల ప్రతినిధులు ఫిలడెల్ఫియా నగరమున ఇదే విషయమై తగవులాడుకొనిరి. జనసంఖ్యనుబట్టి స్థానములుండవలెనని వర్జీనియావంటి పెద్ద రాష్ట్రములు, రాష్ట్రమునకు రాష్ట్రము సమానమని న్యూజెర్సీ, డెలవేరువంటి చిన్న రాష్ట్రములు పట్టుపట్టినవి. జులై 16న రాజీ కుదిరినది. ప్రతినిధుల సభకు తలల లెక్క, సెనేటుకు రాష్ట్రముల లెక్క. 2020 జనగణన ప్రకారము కాలిఫోర్నియాలో దాదాపు 3 కోట్ల 95 లక్షలమంది, వయోమింగులో 5 లక్షల 77 వేలమంది ఉన్నారు. ప్రతినిధుల సభలోని 435 స్థానములలో కాలిఫోర్నియాకు 52, వయోమింగునకు ఒకటి. సెనేటులోనో, దీనికి ఇద్దరు, దానికిని ఇద్దరే.

ఎండు నేలల సంగతి గనుక నెవాడా రాష్ట్రమును గూర్చి ఒకింత చెప్పవలెను. వానలు పడని ఆ రాష్ట్రమున 1900లో ఉన్నది 42,335 మంది మాత్రమే. మన ఆదోని పట్టణములో నేడు అంతకు మూడింతలకు పైగా ఉందురు. అట్టి నెవాడాకు సైతము సెనేటులో ఇద్దరుండిరి. ప్రతినిధుల సభలో దానికున్న ఏకైక సభ్యుడు న్యూలాండ్సు మెట్ట రాష్ట్రముల సాగునీటికై పోరాడగా, 1902లో ఒక చట్టము వచ్చినది. పదునారు పడమటి ప్రాంతములలో ప్రభుత్వ భూములు అమ్మిన సొమ్మును అచ్చటి ఆనకట్టలకు, కాలువలకు వెచ్చింపవలెనని దాని సారాంశము. కేవలము సెనేటు బలముచేతనే ఆ చట్టము వచ్చినదని నేననను. థియొడోరు రూజ్‌వెల్టు అధ్యక్షునికిని అది ఇష్టమే. అయినను పడమటి మెట్ట రాష్ట్రములన్నియు ఇద్దరిద్దరు చొప్పున కూర్చుండిన సభలో వాటి దాహమును ఎవరు తోసిపుచ్చగలరు?

ఇంతమాత్రమున సెనేటుకు హారతి పట్టనక్కరలేదు. ఆ సమానత్వపు నీడలోనే దక్షిణ రాష్ట్రములవారు బానిసత్వమును చిరకాలము కాపాడుకొనిరి. 1964లో నల్లవారి పౌరహక్కుల బిల్లును అరువది దినములు వాదోపవాదములతో నిలిపినది ఆ సభయే. నేలకిచ్చిన ఓటు ఆ నేలపై పెత్తనము చేయువారి చేతికి పోవుట అచ్చటను జరిగినది, ఇచ్చట మాత్రము జరుగదని ఎవరనగలరు?

ఇక మన నాలుగవ మాట ఏమైనది? 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రము అవతరించినప్పుడు, మదరాసు శాసనసభకు తెలుగు జిల్లాలనుండి అంతకుముందే ఎన్నికయిన 140 మంది వచ్చి తుంగభద్ర ఒడ్డున కొలువుదీరిరి. 1955 ఎన్నికలనాటికి స్థానములు 196 అయినవి. రెండు మారులును జనసంఖ్యయే కొలబద్ద. రాజధాని మాట మూడేండ్లు నిలిచి 1956 నవంబరు 1న హైదరాబాదునకు పయనమైనది. నాలుగవ మాటయో, ఒక్క దినమైనను అమలు కాలేదు.

కారణము స్పష్టము. ఏ రాష్ట్రమునకైనను సెనేటులో సమాన స్థానమును దాని అనుమతి లేక తీసివేయరాదని అమెరికావారు తమ రాజ్యాంగము ఐదవ అధికరణములోనే బిగించి తాళము వేసిరి. మనది పెద్దలు పెద్దలకిచ్చిన మాట. చట్టమున ఎక్కని మాటకు పెద్దల ఆయుర్దాయమే ఆయుర్దాయము. రాజ్యసభనైనను మనము సెనేటువలె కట్టుకొనలేదు. ఉత్తరప్రదేశమునకు 31 స్థానములు, ఆంధ్రప్రదేశమునకు 11. న్యాయముగ ఇంకొక మాట కూడ చెప్పవలెను. జిల్లాకు సమానమన్న సూత్రమే నిలిచియున్నచో, స్థానములకై జిల్లాలను చీల్చుకొను పోటీ పుట్టియుండెడిది. 2022లో సీమలోని నాలుగు జిల్లాలు ఎనిమిదయినవి గదా!

సరే, స్థానములు ఎన్ని యున్నవో చూతము. 2009 ఎన్నికలకు ముందు సీమ నాలుగు జిల్లాలకు 53 స్థానములుండెను. 2001 జనగణనను బట్టి జరిగిన పునర్విభజనలో కర్నూలునకు ఒకటి పెరిగి 14, కడపకు ఒకటి తరిగి 10, చిత్తూరునకు ఒకటి తరిగి 14 అయినవి. మొత్తము 52. కాని ఏబదిరెండుగురు ఒక్క గొంతుతో పలుకగలరా యన్నది అసలు ప్రశ్న. ఇచ్చటనే సభా నాయకత్వపు సంగతి వచ్చుచున్నది.

అమెరికా ప్రతినిధుల సభలో స్పీకరనగా తటస్థుడు కాడు, మెజారిటీ పక్షపు నాయకుడే. మన సభలో ముఖ్యమంత్రి చేయు సభా నాయకత్వమును అచ్చట చాలవరకు స్పీకరే చేయును. నీలం సంజీవరెడ్డిగారు 1967లో లోక్‌సభ స్పీకరైనప్పుడు కాంగ్రెసు సభ్యత్వమును వదలుకొనిరి. అట్టి ఆదర్శము వారికి వింతగ తోచును. పక్ష నాయకుడు, ప్రతిపక్ష నాయకుడు, విప్పులు అచ్చటను కలరు. కాని విప్పు మాట మీరినవాని సభ్యత్వము ఊడగొట్టు చట్టము లేదు. 2023 జనవరిలో పదునైదవ మారు ఓటు తీసినగాని స్పీకరు కాలేకపోయిన మెకార్థీని, అదే యేడు అక్టోబరు 3న ఆయన పక్షమువారే ఎనమండుగురు ఎదుటివారితో కలిసి 216కు 210 ఓట్లతో దింపివేసిరి. గందరగోళమే, కాదనను. కాని ఎనమండుగురి నోరు ఎనమండుగురికి ఉన్నది.

మన కర్నూలు సభకును ఒకప్పుడు అట్టి నోరుండెను. 1954 నవంబరులో మద్యనిషేధపు వివాదముపై టంగుటూరి ప్రకాశంగారి ప్రభుత్వము ఒక్క ఓటుతో పడిపోయినది. కల్లుగీత వృత్తివారి పక్షమున గౌతు లచ్చన్నగారు పోరాడిన కాలమది. ప్రభుత్వము కూలుట మంచిదని నేననుట లేదు. సభ్యుని ఓటునకు బరువుండెనని మాత్రమే చెప్పుచున్నాను. ఫిరాయింపులను అరికట్టుటకై 1985లో పదవ షెడ్యూలు వచ్చినది. రోగము నిజమే. కాని ఆ మందు పడిన పిమ్మట, సీమ నీటి విషయమై పక్షము ఒక దారిని పోయినప్పుడు, సీమ సభ్యుడు మరియొక దారిని ఓటు వేసినచో స్థానమునకే మోసము. ఏబదిరెండుగురును మూడు నాలుగు పక్షముల విప్పుల వెనుక నిలుచుండవలసినవారే.

నాయకులు సీమనుండి రాలేదా యన్న, వచ్చిరి. సంజీవరెడ్డి, దామోదరం సంజీవయ్య, కోట్ల విజయభాస్కరరెడ్డి, చంద్రబాబునాయుడు, రాజశేఖరరెడ్డి, కిరణ్‌కుమార్‌రెడ్డి, జగన్మోహనరెడ్డి గారలు ముఖ్యమంత్రులైరి. ఇందరు మావారే యన్న గర్వమువలననే మేము సభలో మా స్థానమేమని అడుగుట మానితిమేమో యని నాకొక అనుమానము. ముఖ్యమంత్రి రాష్ట్రమంతటికి చెందినవాడు. ఆయన సీమకే పక్షపాతము చూపవలెనని కోరుట న్యాయమును కాదు.

నేను సెనేటును కోరుట లేదు. మన సభలోనే ఒక మేలుబంతి యుండెను. 1956లో రాజ్యాంగమునకు ఏడవ సవరణ చేసి 371వ అధికరణమున చోటు కల్పింపగా, తెలంగాణా శాసనసభ్యులతో ప్రాంతీయ సంఘమొకటి 1958లో ఏర్పడి 1973వరకు పనిచేసినది. వ్యవసాయము, విద్య మొదలగు కొన్ని విషయములలో దాని సలహాను ప్రభుత్వము సాధారణముగ అంగీకరింపవలెను. అభిప్రాయభేదము వచ్చినచో గవర్నరు తీర్పే తుది. లోపములెన్ని యున్నను అది రాజ్యాంగమున ఎక్కిన మాట. సీమ సభ్యులకు అట్టి సంఘము, నీటి విషయమున విప్పు వర్తింపని ఓటు, ఈ రెండు చాలును. స్థానముల సంఖ్యను 2026 తరువాతి మొదటి జనగణన వచ్చువరకు మార్చరాదని 84వ సవరణ చెప్పినది. ఆ లెక్క వచ్చునప్పటికి మనము అడుగవలసినది ఎన్ని స్థానములని కాదు, ఆ స్థానములకు నోరున్నదా యని.

మొన్న తరగతిలో నాలుగవ మాటను చెప్పగా ఇద్దరు లేచిరి. ఒకడు లక్కిరెడ్డిపల్లె వాడు. తన ఊరి పేర నియోజకవర్గమొకటి 2009వరకు ఉండెనని, తమ మండలము రాయచోటిలో కలిసినదని వానికి ఆనాడే తెలిసినది. రెండవవాడు కోసిగి వైపువాడు. వాని తల్లిదండ్రులు ఏటేట గుంటూరు మిరపచేలకు సుగ్గికి పోవుదురు. "అయ్యవారూ, లెక్క వ్రాయువారు మా ఊరికి వచ్చునప్పటికి మావాళ్లు గుంటూరులో ఉంటే, ఆ తలలు ఏ ఊరివి?" అని వాడడిగెను.