వేళ్ళను ఎవరు చూస్తారు?



పోయిన నెల ఒక సాయంకాలం మా పక్కవాటాలోని కుర్రవాడు గిటారు సంచీ భుజాన వేసుకుని, ముఖం ముడుచుకుని మా గుమ్మంలోకి వచ్చాడు. వాడు ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. మేముండేది పంజగుట్టలో. వాడు వారానికి మూడు రోజులు అమీర్‌పేట వెళ్ళి గిటారు నేర్చుకుంటున్నాడు. అమీర్‌పేట ఎలాంటి చోటో హైదరాబాదు పిల్లలకు చెప్పనక్కరలేదు. మైత్రీవనం చుట్టుపక్కల మేడలకు కంప్యూటరు విద్యలు నేర్పే బోర్డులు ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కి కూచున్నట్టుంటాయి. ఆ బోర్డుల మధ్య ఒక ఇరుకు మెట్లదారి ఉంది. దానిపైన ఒక చిన్న గదిలో వీడి సంగీతపు బడి.

"మాస్టారూ, నేనిక గిటారు క్లాసుకు వెళ్ళను," అన్నాడు.

ఎందుకని అడిగాను. మూడు వారాలుగా వాళ్ళ గురువుగారు అవే ఎనిమిది స్వరాలు వాయింపిస్తున్నారట. వేలు ఇక్కడ పెట్టు, అక్కడ కాదు. మణికట్టు వంచకు. చిటికెనవేలు దాచకు. ఇదే గోల. వీడి తరగతిలోని మరొక పిల్లవాడు ఫోనులో చూసి, తోచిన వేలు తోచిన చోట పెట్టి, నెలలో రెండు పాటలు పట్టేశాడు. వార్షికోత్సవంలో వాడు వాయిస్తే హాలంతా చప్పట్లు!

"చప్పట్లు కొట్టినవాళ్ళలో ఒక్కరైనా వాడి వేళ్ళు చూశారా, మాస్టారూ? ఎవరు చూస్తారు?"

వాడి వెనకనే వాళ్ళ అమ్మ వచ్చింది. "నా అనుమానమూ అదేనండీ. మూడు నెలల ఫీజు కట్టాం. ఒక్క పాటయినా రాలేదు," అన్నది.

ముప్ఫై అయిదేళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి. పునాది లేని గోడ నిలవదు నాయనా, అని ఒక మాట అనేసి వాణ్ణి పంపేయవచ్చు. కాని నాకు నోరు రాలేదు. ఎందుకంటే ఈ విషయంలోనే ఒకప్పుడు నేనొక తప్పు చేశాను.

చాలా ఏళ్ళ కిందటి మాట. నేను హెడ్మాస్టరుగా ఉన్నప్పుడు, ఒక బడివాళ్ళు పిల్లలకు వాద్యసంగీతంలో పోటీ పెట్టి నన్ను న్యాయనిర్ణేతగా పిలిచారు. మొత్తం ముగ్గురం. నాకు సంగీతం రాదు. హెడ్మాస్టరు గనక పక్షపాతం చూపడనుకున్నారు కాబోలు! చివరికి ఇద్దరు మిగిలారు. మొదట ఒక కుర్రవాడు వచ్చాడు. గిటారు వాయిస్తూ గెంతాడు, జుట్టు విదిలించాడు. ఆఖరుకు గిటారును తల వెనక్కు తిప్పి పెట్టుకుని కూడా వాయించాడు. హాలు దద్దరిల్లిపోయింది. తరవాత ఏడో తరగతి అమ్మాయి ఒకతె వచ్చి, కుర్చీలో కూచుని, తల వంచుకుని, నిదానమైన పాట ఒకటి వాయించి లేచి వెళ్ళింది. చప్పట్లు మర్యాదకు కొట్టారు.

బహుమతి ఆ కుర్రవాడికే ఇచ్చాం. నేనూ వాడికి రెండు మార్కులు ఎక్కువే వేశాను.

అంతా అయిపోయాక, నేను వెళ్ళిపోతుంటే, ఆ బడిలోని ఆయా కుర్చీలు ఒకదానిమీద ఒకటి పేరుస్తూ ఏదో కూనిరాగం తీస్తున్నది. నిలబడి విన్నాను. అది ఆ అమ్మాయి వాయించిన పాట! మరి కుర్రవాడు వాయించినదేమిటి? జ్ఞాపకం తెచ్చుకోబోతే నాకు వాడి జుట్టు మాత్రమే కనిపించింది, స్వరం ఒక్కటీ వినిపించలేదు. మరుసటి ఏడు పోటీకి వచ్చిన జాబితాలో ఆ అమ్మాయి పేరు లేదు. ఎందుకు లేదో నేను అడగలేదు. అడిగి ఉండవలసింది.

ఇలాంటి పొరపాటు నేనొక్కణ్ణే చేయలేదని తరవాత తెలిసింది. 2013లో చియా జుంగ్ సాయ్ అనే ఆమె ఒక పరిశోధన ప్రకటించింది. ఆమె స్వయంగా పియానో విద్వాంసురాలు. పెద్ద పెద్ద అంతర్జాతీయ సంగీతపు పోటీలలో చివరికి మిగిలిన ముగ్గురేసి కళాకారుల ప్రదర్శనలనుంచి ఆరేసి సెకండ్ల ముక్కలు తీసి, కొందరికి చూపింది. కొందరికి ధ్వని మాత్రం వినిపించింది. కొందరికి ధ్వని తీసేసి, బొమ్మ మాత్రం చూపింది. ఎవరు గెలిచారో చెప్పమన్నది. ముగ్గురిలో ఒకరిని కళ్ళు మూసుకుని ఎంచినా మూడింట ఒక వంతు సరిపోతుంది గదా! ధ్వని విన్నవాళ్ళు అంతకు మించి చెప్పలేకపోయారు. చెవిటివాళ్ళలాగా బొమ్మ మాత్రం చూసినవాళ్ళు సుమారు సగంసార్లు గెలిచినవారిని సరిగా పట్టుకున్నారు! అలా ధ్వని వినకుండా చూసి పట్టుకున్నవాళ్ళలో సంగీతం బాగా వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. అంటే, ఆ పోటీల్లో తీర్పు చెప్పిన పెద్దలు చెవులతోబాటు కళ్ళ మాట కూడా చాలానే విన్నారన్నమాట.

మరొక సంగతి. 2007 జనవరి 12న, అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో ఒక మెట్రో స్టేషను దగ్గర, జాషువా బెల్ అనే ప్రసిద్ధ వయొలిన్ విద్వాంసుడు మామూలు బట్టలు వేసుకుని, టోపీ పెట్టుకుని, బిచ్చగాడిలా నిలబడి వాయించాడు. అక్కడి వార్తాపత్రిక ఒకటి చేసిన ఏర్పాటు అది. ఆయన చేతిలోని వయొలిన్ 1713లో తయారైనది. సుమారు 43 నిమిషాలు వాయించాడు. ఆ కాసేపట్లో 1,097 మంది ఆ దారిన పోయారు. ఒక నిమిషమైనా ఆగి విన్నవాళ్ళు ఏడుగురు! రాలిన డబ్బు 32 డాలర్లు. అంతకు మూడు రోజుల ముందే ఆయన కచేరీకి బోస్టన్ నగరంలో ఒక మోస్తరు సీటు ధర 100 డాలర్లు పలికింది.

మన అమీర్‌పేట స్టేషనులో, రెండు మెట్రో దారులు కలిసే చోట అలాంటి విద్వాంసుడు నిలబడి వాయిస్తే నేను ఆగుతానా? నిజం చెప్పాలంటే, నాగోలు బండి వచ్చేసిందేమోనని మెట్లకేసి చూస్తాను. అయితే వాషింగ్టన్ కథలో నాకు బాగా నచ్చినది మరొకటి ఉంది. ఆ దారిన పోయిన పసిపిల్లలందరూ ఆగి చూడబోయారట. ప్రతిసారీ తల్లో తండ్రో చెయ్యి పట్టి లాక్కుపోయారట. ఈ వాక్యాన్ని మీ నాన్నగారికి చదివి వినిపించండి!

ఇదంతా చెబితే మా కుర్రవాడి ముఖం వెలిగింది. "చూశారా మాస్టారూ! నేను చెప్పిందీ అదే. ఎవరికీ పట్టదు," అన్నాడు.

"ఉండు. పరీక్ష చేయకుండా ఒప్పుకోకూడదు. గిటారు బయటికి తియ్యి," అన్నాను.

మా వాకిట్లో వేపచెట్టు కింద ఇస్త్రీబండి పెట్టుకునే ఆయన ఉన్నాడు. ఆయన ఎన్నడూ గిటారు ముట్టుకున్నవాడు కాదు. ఆయన్ను అటు తిరిగి నిలబడమన్నాను. మా వాడు అవే ఎనిమిది స్వరాలను రెండుసార్లు వాయించాడు. మొదటిసారి తోచిన చోట వేలు పెట్టి, రెండోసారి గురువుగారు చెప్పినట్టు.

"మొదటిది జర గరగర అన్నది సార్. నడుమ నడుమ ఆగుతున్నది. రెండోది మంచిగుంది," అన్నాడాయన, అటు తిరిగే.

వేళ్ళు చూడకుండానే ఆయనకు ఎలా తెలిసింది? గిటారు మెడమీద అడ్డంగా లోహపు కమ్మీలుంటాయి. వీణకు లాగే వీటినీ మెట్లు అనవచ్చు. మనం తీగను నొక్కితే అది మెట్టుకు ఆనుకుంటుంది. అక్కడినుంచి ఇవతలి భాగం మాత్రమే కంపిస్తుంది. మామూలు గిటారులో తీగ కంపించే పొడవు సుమారు 65 సెంటీమీటర్లు. మొదటి మెట్టు దగ్గర అందులో సుమారు 3.6 సెంటీమీటర్లు తగ్గుతుంది. ఆపైన ఒక్కొక్క మెట్టూ, మిగిలిన పొడవులో సుమారు పద్ధెనిమిదో వంతు తగ్గిస్తుంది. పన్నెండో మెట్టుకు వచ్చేసరికి పొడవు సరిగా సగమవుతుంది. కంపనాల సంఖ్య రెట్టింపై, అదే స్వరం పై స్థాయిలో పలుకుతుంది. మీ ఇంట్లో గిటారు ఉంటే దారంతో కొలిచి చూడండి.

వేలును మెట్టుకు ఆనీ ఆననట్టుగా, దానికి సరిగ్గా వెనక పెడితే కొంచెం నొక్కు చాలు. రెండు మెట్ల మధ్యనో, ఇంకా వెనకనో పెడితే చాలా గట్టిగా నొక్కాలి. నొక్కు చాలకపోతే తీగ లోహం మీద అదురుతుంది. అదే ఆ గరగర. ఇక మధ్యమధ్య ఆగటానికి కారణం వేరు. నాలుగు వేళ్ళకూ నాలుగు మెట్లు పంచి పెట్టుకుంటే, తరవాతి వేలు ముందే సిద్ధంగా ఉంటుంది. ఒకే వేలితో గెంతుతూ వాయిస్తే ప్రతి గెంతుకూ ధ్వని తెగుతుంది. మణికట్టు సంగతి మాత్రం వినేవాళ్ళకోసం కాదు, నీ కోసమే. వంచిన మణికట్టుతో గంటలకొద్దీ సాధన చేస్తే నొప్పి పుడుతుంది.

కనక ఇస్త్రీ ఆయనకు నీ వేళ్ళతో పని లేదు. గరగరతో పని ఉంది. దాని పేరు ఆయనకు తెలియదు, తెలియనవసరమూ లేదు. మా ఇంట్లో పులుసు తిన్నవాళ్ళెవరూ పోపు ఎప్పుడు పెట్టారని అడగరు. మాడితే మాత్రం ముఖం చిట్లిస్తారు!

వేళ్ళను చూసేవాళ్ళూ కొందరు ఉంటారు. వాళ్ళు అదే వాద్యం నేర్చుకుంటున్నవాళ్ళు. కచేరీలో ముందు వరసలో కూచుని కళ్ళార్పకుండా చూస్తారు. వాళ్ళ మెప్పు తియ్యగానే ఉంటుంది గాని, వాళ్ళు హాలులో పదిమంది కూడా ఉండరు.

ఇక్కడ మన తెలుగువాడి కథ ఒకటి చెప్పాలి. గిటారుకు దగ్గరి చుట్టమే మాండొలిన్. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్, ఆరేళ్ళ వయసులో తండ్రి మాండొలిన్ చేతికి తీసుకున్నాడు. కర్ణాటక సంగీతం నేర్పినది రుద్రరాజు సుబ్బరాజుగారు. తమాషా ఏమిటంటే, గురువుగారికి మాండొలిన్ వాయించటం రాదు! ఆయన పాడేవారు. పిల్లవాడు విని, దానిని తీగమీద పలికించేవాడు. ఏ వేలు ఎక్కడ పెట్టాలో చూపేవారు లేరు. మాండొలిన్‌కు మామూలుగా నాలుగు జతలు, ఎనిమిది తీగలుంటాయి. జత తీగలతో గమకం పలికించటం కష్టం. పైగా దాని ధ్వని త్వరగా ఆరిపోతుంది. శ్రీనివాస్ జతలు మానేసి, విడివిడిగా అయిదు తీగలున్న విద్యుత్ మాండొలిన్ వాడాడు. 1978లో గుడివాడలో, త్యాగరాజ ఆరాధన ఉత్సవాల్లో మొదటి కచేరీ చేశాడు. అప్పటికి తొమ్మిదేళ్ళవాడు. 1998లో పద్మశ్రీ వచ్చింది. 2014లో, 45 ఏళ్ళకే పోయాడు.

ఆయన వేళ్ళు ఏ పుస్తకంలోనూ లేని దారిన నడిచాయి. కాని వాటికి ఒక గమ్యం ముందే చెవిలో ఉంది. గురువుగారు పాడినది అచ్చంగా అలాగే వినపడాలి. కచేరీలో తల ఊపినవాళ్ళు ఆ పాటను విన్నారు. పిల్లవాడు కూచుని వాయిస్తున్నాడా, గెంతుతున్నాడా అన్నది వాళ్ళకు పట్టలేదు.

ఇది విని మా వాడు కొంచెంసేపు మాట్లాడలేదు. వాళ్ళ అమ్మే అడిగింది. "అయితే మాస్టారూ, ఆ ఎనిమిది స్వరాలు ఇంకెన్నాళ్ళు?"

నాకు తెలిస్తే గదా! "అమ్మా, గురువుగారిని ఒక్క చిన్న పాట కూడా మొదలుపెట్టమని అడగండి. అడగటంలో తప్పులేదు. పాట లేకుండా పిల్లవాడి చెవికి గమ్యం ఎక్కడిది?" అన్నాను. ఈ ఒక్క విషయంలో నేను గురువుగారి పక్షం కాదు. మూడు వారాలు ఎక్కువే.

వాడు క్లాసు మానలేదు. ఇప్పుడు రోజూ సాయంకాలం, బండి సెగ కాస్త చల్లారే వేళకు మేడమెట్ల మీద కూచుని సాధన చేస్తాడు. నేను ఇటు పేపరు చదువుకుంటుంటాను. నిన్న వాడు ఎనిమిది స్వరాలూ ఏకబిగిని వాయించి, నాకేసి గర్వంగా చూశాడు. నేను బాగుందనబోయాను. ఇంతలో వేపచెట్టు కిందినుంచి, చొక్కా మడతపెడుతూ, తల ఎత్తకుండానే ఇస్త్రీ ఆయన కేకేశాడు:

"బాబూ, నాలుగోది పలకలే!"