ఎంపిక భారం కుటుంబానిది, లెక్కలు కళాశాలవి

ప్రవేశ పరీక్ష ఫలితాలు వెలువడి, వెబ్ ఆప్షన్ల గడువు దగ్గరపడిన రోజుల్లో తెలుగునాట ఏ మధ్యతరగతి ఇంట చూసినా ఒకటే దృశ్యం. కంప్యూటర్ ముందు విద్యార్థి, వెనుక తండ్రి, ఫోనులో మేనమామ, బల్లమీద కళాశాలల రంగుల కరపత్రాలు. నాలుగేళ్ల కాలాన్నీ, లక్షల రూపాయలనూ, కొన్నిచోట్ల తాకట్టులో ఉన్న పొలాన్నీ పణంగా పెట్టే నిర్ణయం కొద్ది గంటల్లో ముగిసిపోతుంది. అది బెడిసికొడితే ‘ముందే విచారించుకోవలసింది’ అని లోకం ఆ కుటుంబాన్నే తప్పుపడుతుంది.

విచారించుకోవడానికి వారి చేతికి అందుతున్నదేమిటన్నదే అసలు ప్రశ్న. కూడళ్లలోని హోర్డింగులు ఒక్క విద్యార్థికి దక్కిన గరిష్ఠ వేతనాన్ని చాటుతాయి. తరగతిలో సరిగ్గా నడుమనున్న విద్యార్థికి ఎంత వచ్చిందో, ఎందరికి అసలు ఉద్యోగమే రాలేదో అవి చెప్పవు.

ప్రభుత్వ ముద్రలున్నాయి కదా అనవచ్చు. 2016లో తొలి జాబితా వెలువరించిన ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకులకు ప్రధాన ఆధారం విద్యాసంస్థలు స్వయంగా సమర్పించే సమాచారమే. పైగా ఆ ర్యాంకు సంస్థకు గాని, విద్యార్థి చేరబోయే శాఖకు కాదు. ఇక 1994లో ఏర్పడిన న్యాక్ సంగతి. గుంటూరు ప్రాంతంలోని ఒక విద్యాసంస్థకు ఉన్నత గ్రేడు ఇచ్చేందుకు లంచం తీసుకున్నారన్న అభియోగంపై ఆ పరిశీలన బృందం సభ్యులను 2025 ఫిబ్రవరిలో సీబీఐ అరెస్టు చేసింది. నేరం రుజువు కావలసింది న్యాయస్థానంలోనే. కాని గ్రేడును చూసి పిల్లలను చేర్చే తల్లిదండ్రుల నమ్మకానికి ఆ అరెస్టులే తీవ్రమైన దెబ్బ.

అనుమతికీ చదువుకూ మధ్య ఎంత దూరం ఉండగలదో మనకు కొత్తగా తెలిసింది కాదు. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2002లో తెచ్చిన చట్టం కింద వందకు పైగా ప్రైవేటు విశ్వవిద్యాలయాలు పుట్టుకొచ్చాయి. శాస్త్రవేత్త యశ్‌పాల్ వేసిన వ్యాజ్యంపై 2005లో సుప్రీంకోర్టు ఆ చట్టంలోని కీలక నిబంధనలను కొట్టివేసింది. అప్పటికే చేరిన విద్యార్థులు నష్టపోకుండా ప్రత్యేక ఆదేశాలు ఇవ్వవలసి వచ్చింది. సముద్రాల ఆవలా ఇదే కథ. 2011లో అమెరికా అధికారులు మూసివేయించిన ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయంలో చదువుతున్నవారిలో ఎందరో తెలుగు విద్యార్థులు. విదేశీ విద్యార్థులను చేర్చుకునేందుకు ఆ సంస్థకు అమెరికా ప్రభుత్వ అనుమతి ఉండేది. చివరకు కొందరు విద్యార్థుల కాళ్లకు నిఘా పట్టీలు పడ్డాయి.

కనుక ‘బాగా విచారించుకోండి’ అన్న హితవుతో ప్రభుత్వాలు చేతులు దులుపుకోవడం న్యాయం కాదు. అమ్మేవాడు చెప్పిన తూకాన్నే కొనేవాడు నమ్మవలసిన అంగడిలో కొనేవాడి తెలివి ఎంతవరకు అక్కరకు వస్తుంది? ప్రతి కోర్సుకూ బోధకుల సంఖ్య, గడువులోగా ఉత్తీర్ణులైనవారి సంఖ్య, మధ్యస్థ వేతనం, నాలుగేళ్ల మొత్తం ఖర్చు స్వతంత్ర తనిఖీ అనంతరం ప్రవేశాలకు ముందే వెల్లడి కావాలి. తప్పుడు లెక్కలిచ్చిన సంస్థకు సీట్లు తగ్గాలి. మెరుగైనవిగా గుర్తించిన కళాశాలల్లో ఒక్కో శాఖకు ఉండే సీట్ల పరిమితిని ఏఐసీటీఈ 2024-25 నుంచి ఎత్తివేసిన నేపథ్యంలో ఇది మరింత అవసరం. సెక్షన్లు పెరిగినంత వేగంగా అధ్యాపకులు పెరిగారా అని అడిగే హక్కు విద్యార్థికి ఉంది.

ఆ రోజు వచ్చేవరకు కుటుంబాలు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. యూజీసీ ప్రకటించే నకిలీ విశ్వవిద్యాలయాల జాబితాను ముందుగా చూడాలి. ఎన్‌ఐఆర్‌ఎఫ్‌కు కళాశాల సమర్పించిన పత్రాన్ని తెరచి అందులోని మధ్యస్థ వేతనాన్ని హోర్డింగుపై అంకెతో పోల్చాలి. కోర్సు పేరులోని కొత్తదనాన్ని కాక పాఠ్యప్రణాళికను చదవాలి. కళాశాల చూపించే విద్యార్థితో కాక, ప్రాంగణం బయట కనిపించే మూడో సంవత్సరం విద్యార్థితో మాట్లాడాలి. పాఠం చెప్పేవారు ఏడాది మధ్యలో ఎన్నిసార్లు మారారో అతడికి తెలుసు.

ఇవన్నీ చేసినా కొంత చీకటి మిగులుతుంది. ఆ చీకటికి జవాబు చెప్పవలసినవాడు పద్దెనిమిదేళ్ల కుర్రవాడు కాదు, కళాశాలకు అనుమతి పత్రంపై సంతకం చేసిన ప్రభుత్వం.