సముద్రం అందరిదీ... పిలవాల్సింది మనం!

కార్తీకమాసం వచ్చిందంటే మన విశాఖలో వనభోజనాల సందడే సందడి. ఆదివారం తెల్లవారకుండానే పులిహోర కలిపి, కేరియర్లు సర్ది, పిల్లల్ని లేపి, ఏ ఉడా పార్కుకో, తెన్నేటి పార్కుకో, కైలాసగిరికో బయల్దేరతాం. ఎదురుగా సముద్రం, నెత్తిన చెట్టునీడ, చేతిలో విస్తరాకు. ఇంతకన్నా ఏం కావాలి చెప్పండి!

కిందటి కార్తీకంలో ఇలాగే కేరియర్ సర్దుతూ, మా ఇంట్లో అంట్లు తోమే అమ్మాయితో "నువ్వూ పిల్లల్ని ఎప్పుడైనా బీచికి తీసుకెళ్తూ ఉండవే" అన్నాను. ఆమె నవ్వేసింది.

"ఈ ఊరొచ్చి నాలుగేళ్ళయిందమ్మా. సముద్రం సూడ్నేదు" అంది.

నాకు నోట మాట రాలేదు. ఆమె ఉండే పేట నుంచి సిటీబస్సెక్కితే అరగంటలో సముద్రం. ఎందుకెళ్ళలేదంటే ఒక్కొక్కటీ చెప్పుకొచ్చింది. ఆదివారం వస్తే నాలుగిళ్ళలోనూ పని రెట్టింపు. రానూపోనూ బస్సు ఛార్జీలు. చివరిగా మెల్లగా, "ఆ పార్కుల్లోకి మాలాంటోల్లని రానిస్తారో నేదో" అంది. ఇసుకలోకి నడిచి వెళ్ళడానికి టిక్కెట్టు అక్కర్లేదని కూడా పాపం ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఒక్కసారి ఆలోచించండి. మన పోర్టు మొదలైంది 1933లో. స్టీల్ ప్లాంటు జాతికి అంకితమైంది 1992లో. ఈ రెండింటి చుట్టూ పని వెతుక్కుంటూ శ్రీకాకుళం, విజయనగరం, ఒడిశా, బెంగాల్, బీహార్ల నుంచి వచ్చినవాళ్ళతోనే కదా ఈ ఊరు ఇంత పెద్దదయింది! మనలో ఎంతమంది అత్తింటివారో పుట్టింటివారో అలా వచ్చినవాళ్ళే. మనం ముందొచ్చాం, వాళ్ళు వెనక వచ్చారు. అంతే తేడా.

సరే, ఆ ఆదివారం ఆమెనూ, పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని వెళ్ళాం. అయితే అసలు సంగతి అక్కడే తెలిసొచ్చింది. నీళ్ళు చూడగానే ఆమె పెద్దకొడుకు ఊళ్ళో చెరువులోకి దిగినట్టు పరుగెత్తి దిగిపోయాడు. గార్డు విజిల్ వేస్తున్నాడు. ఆ విజిల్ తనకేనని పిల్లాడికి తెలిస్తేగా! దగ్గర్లో వల సర్దుకుంటున్న ఒక పెద్దాయన వెళ్ళి రెక్క పట్టుకుని లాక్కొచ్చాడు. "కెరటం లేని సోటే సెడ్డదమ్మా" అన్నాడు. నా గుండె జారిపోయింది. ఇన్నేళ్ళుగా ఈ ఊళ్ళో ఉన్న నాకే ఆ మాట తెలియదు.

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. కెరటాలతో ఒడ్డుకు వచ్చిన నీరంతా తిరిగి లోపలికి పోవడానికి ఒక సందు చూసుకుంటుంది. ఆ సందులో కెరటాలు పెద్దగా విరగవు, నీరు నెమ్మదిగా ఉన్నట్టు కనిపిస్తుంది. కొత్తవాళ్ళు అదే మంచి చోటనుకుని దిగుతారు. లోపలి లాగుడు వాళ్ళను పట్టుకుపోతుంది. అప్పుడు ఒడ్డుకేసి ఎదురీదితే అలిసిపోవడమే. ఒడ్డు వెంబడే పక్కకు ఈది ఆ లాగుడులోంచి బయటపడాలి. ఈత రానివాళ్ళు గింజుకోకుండా తేలడానికి ప్రయత్నిస్తూ, చెయ్యెత్తి కేకెయ్యాలి. చూసినవాళ్ళు తామూ దూకెయ్యకుండా తాడో, మూత బిగించిన ఖాళీ క్యానో విసిరి, గార్డును పిలవాలి. 112కి ఫోన్ చెయ్యాలి. కార్తీక స్నానాలకొచ్చే ఆడవాళ్ళకు ఇంకో మాట. తడిసిన చీర కాళ్ళకు చుట్టుకుంటే ఒడ్డునే పడిపోతాం. మోకాలి లోతు దాటొద్దు.

బోర్డులు ఉన్నాయి కదా అంటారేమో! చదవడం రానివాళ్ళకు, తెలుగు రానివాళ్ళకు బోర్డు ఏం చెబుతుంది? మనిషే చెప్పాలి.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళొచ్చిన వాళ్ళు శాన్‌ఫ్రాన్సిస్కోలో గోల్డెన్ గేట్ వంతెన దగ్గర నీటి ఒడ్డున ఉన్న క్రిస్సీ ఫీల్డ్ చూసే ఉంటారు. ఒకప్పుడది సైన్యంవారి విమానాల మైదానం. 2001లో దాన్ని పార్కుగా తీర్చిదిద్ది తెరిచినప్పుడు అక్కడే ఒక కేంద్రం కూడా పెట్టారు. అదే ఊళ్ళో ఉంటూ ఇలాంటి పార్కుల మొహం చూడని పేటల పిల్లల్ని రప్పించి, ఆ తీరం గురించి నేర్పడం దాని పని. గేటు తెరిచి ఊరుకుంటే చాలదు, వెళ్ళి పిలవాలని వాళ్ళు గ్రహించారన్నమాట. పేరంటానికి బొట్టు పెట్టి పిలిచే మనకు ఇది కొత్త విద్యా చెప్పండి?

ఈ కార్తీకంలో మీరూ ఒక పని చెయ్యండి. పనమ్మాయినో, వాచ్‌మన్ కుటుంబాన్నో, పక్కన అపార్టుమెంటు కడుతున్న కూలీల పిల్లల్నో వనభోజనానికి పిలవండి. పిలిచి అక్కడా గిన్నెలు కడిగించకండి సుమా! ఆ పూట పని మాన్పించండి, జీతం కొయ్యకండి. నీళ్ళ దగ్గరికి వెళ్ళేముందు విజిల్ అర్థమేమిటో, ఎర్రజెండా అర్థమేమిటో చెప్పండి. భాష రాకపోతే హిందీవాళ్ళకు "మత్ జావో", ఒడియావాళ్ళకు "జాఅ నాహి" అంటే చాలు. చెయ్యి అడ్డం పెడితే అందరికీ అర్థమవుతుంది.

వంటంటారా, పదిమందికి చేసినదాంట్లో ఇంకో నలుగురికి సరిపెట్టడం మనకు చేతకానిదా! పులిహోరకు అన్నం పళ్ళెంలో ఆరబోసి, పూర్తిగా చల్లారాక పులుసు కలపండి. దద్దోజనంలో పాలు ఎక్కువ పోసి, పెరుగు ఒక్క గరిటె వేస్తే మధ్యాహ్నానికి పులవకుండా కమ్మగా ఉంటుంది.

మొన్న మా అమ్మాయి అంట్లు తోముతూ తనే అంది: "మా పక్కింట్లో కొత్తగా ఒడిశావోల్లు దిగారమ్మా. ఆల్ల పిల్లల్నీ అట్టికెల్తాను. ఎక్కడ దిగకూడదో నాకు తెల్సుగా!"

మరి మీరెవర్ని పిలుస్తున్నారు?