ఎముక అతికింది, శాతం తగ్గింది

దివ్యాంగుల పెన్షన్ అంతా ఒక్క నంబర్ మీద నడుస్తుంది: 40. సదరం సర్టిఫికెట్‌లో వైకల్యం 40 శాతం ఉంటే అర్హులు, 39 ఉంటే కాదు. కోడ్ రాసేవాళ్ళకి ఇదొక ఇఫ్ కండిషన్. ఆ గీత అవతల ఆంధ్రలో నెలకి 6,000 రూపాయలు ఉన్నాయి, తెలంగాణలో 4,016. మనలో కొందరికి అది ఒక వీకెండ్ ఖర్చు. కొన్ని ఇళ్ళలో అదే బియ్యం, మందులు, కరెంటు బిల్లు.

ఆంధ్రలో 2025లో ఈ పెన్షన్లు తీసుకునేవాళ్ళకి మళ్ళీ వైద్య పరీక్షలు జరిగాయి. వైకల్యం 40 శాతం కన్నా తక్కువ ఉంది, మీరు అనర్హులు అని చాలామందికి నోటీసులు వచ్చాయి. మా బాబాయికి కూడా వచ్చింది. 32 శాతం అట.

బాబాయి తాపీ మేస్త్రి. 2023లో పరంజా మీంచి కింద పడ్డాడు. కుడి చేతికి ఆపరేషన్ చేసి రాడ్ వేశారు. చెయ్యి భుజం కన్నా పైకి లేవదు, చివరి రెండు వేళ్ళు మొద్దుబారి ఉంటాయి, తాపీ పట్టుకుంటే జారిపోతుంది. మొదట తాత్కాలిక సర్టిఫికెట్ ఇచ్చారు, పెన్షన్ వచ్చింది. మళ్ళీ పరీక్షకి పిలిస్తే ఎక్స్‌రేలూ డిశ్చార్జ్ కాగితమూ పట్టుకుని వెళ్ళాడు. ఆ కాగితాల్లో ఉన్న ముఖ్యమైన మాట ఒక్కటే, ఎముక బాగా అతికింది అని. పేషెంట్‌కి అది శుభవార్త. పెన్షన్ దగ్గరికొచ్చేసరికి అదే అతనికి ఎదురు సాక్ష్యం అయింది.

ఇక్కడ అర్థం చేసుకోవాల్సింది ఏంటంటే, బోర్డు జబ్బుని కొలవదు. ఆ జబ్బు వల్ల శరీరం ఏ పని చెయ్యలేకపోతోందో దాన్ని కొలుస్తుంది. ఎలా కొలవాలో కేంద్రం 2018 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది, 2024 మార్చిలో వాటిని సవరించింది. నెట్‌లో పీడీఎఫ్ దొరుకుతుంది. ఇంట్లో ఎవరికైనా ఈ సమస్య ఉంటే, వాళ్ళకి సంబంధించిన పేజీలు మాత్రం చదివి తీరాలి.

చేతి సంగతే చూడండి. కీళ్ళు ఎంత కదులుతున్నాయో గోనియోమీటర్‌తో డిగ్రీల్లో కొలుస్తారు. కండరాల బలానికి 0 నుంచి 5 వరకు గ్రేడ్ ఇస్తారు. ఆ తర్వాత పది రోజువారీ పనులు అడుగుతారు. అన్నం చేత్తో తినడం, దువ్వుకోవడం, చొక్కా వేసుకోవడం, గుండీలు పెట్టుకోవడం, గ్లాసుతో నీళ్ళు తాగడం, బొందు ముడి వేసుకోవడం, రాయడం లాంటివి. ఒక్కో పనికి 9 పాయింట్లు. వేళ్ళ పట్టు, స్పర్శ వేరే లెక్క.

మా బాబాయిని కూడా అడిగారు, అన్నం తింటావా అని. "తింటాను సార్" అన్నాడు. అబద్ధం కాదు. రెండేళ్ళుగా ఎడమ చేత్తో, స్పూన్‌తో తింటున్నాడు. ఆ సంగతి చెప్పలేదు. నలుగురి ముందు పిన్ని అన్నం కలిపి పెడుతుందని చెప్పడం ఆయనకి నామోషీ. మన ఇళ్ళలో చాలామంది పెద్దవాళ్ళు ఇంతే. డాక్టర్ ఎలా ఉందంటే "పర్వాలేదండీ" అంటారు. ఆ మర్యాద మాటే రికార్డుకి ఎక్కుతుంది.

రెండో సంగతి లెక్కలో ఉంది. రెండు లోపాలుంటే వాటిని నేరుగా కూడరు. పెద్దది ఎ, చిన్నది బి అనుకుంటే, ఎ ప్లస్ బి ఇంటూ 90 మైనస్ ఎ, బై 90. ఉదాహరణకి భుజానికి 30, వేళ్ళకి 20 వచ్చాయనుకుందాం. మొత్తం 50 కాదు, 43.3. అయినా 40 దాటింది. వేళ్ళ సంగతి కాగితం మీద లేకపోతే 30 దగ్గరే ఆగిపోతుంది. బాబాయి ఫైల్లో వేళ్ళ గురించి ఒక్క ముక్క లేదు. నరాల పరీక్ష ఎవరూ రాయలేదు, ఈయనా అడగలేదు.

చట్టం ఏం చెబుతోందంటే, 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 59వ సెక్షన్ ప్రకారం బోర్డు నిర్ణయం మీద అప్పీల్ చేసుకోవచ్చు. ఎన్ని రోజుల్లో, ఎవరికి అన్నది రాష్ట్రం నిర్ణయిస్తుంది కాబట్టి నోటీసులో గడువు తేదీ ముందు చూడండి, ఫోన్లో రిమైండర్ పెట్టుకోండి. సర్టిఫికెట్ తిరస్కరిస్తే కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలని 2017 నిబంధనల్లో ఉంది. ఇవ్వకపోతే అడగండి. ఎందుకంటే కారణాన్ని బట్టే మన దారి ఉంటుంది. భూమి లెక్కలో, కరెంటు యూనిట్లో అడ్డమైతే ఎన్ని మెడికల్ రిపోర్టులు తెచ్చినా ఉపయోగం లేదు. శాతం తక్కువైందన్నా, తాత్కాలిక సర్టిఫికెట్ గడువు అయిపోయిందన్నా డాక్టర్ కాగితమే ఆధారం.

మేం ముందు పాత ఆసుపత్రికి వెళ్ళాం. కేస్ షీట్ ఇవ్వం అన్నారు కౌంటర్లో. వైద్యుల నియమావళి 2002 ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డులు చికిత్స మొదలైన రోజు నుంచి మూడేళ్ళు ఉంచాలి, పేషెంట్ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ఆ రూల్ పేరు రాసి, సంతకం పెట్టించి, అర్జీ ఇచ్చి, రసీదు అడిగాం. మర్నాడు జిరాక్స్ చేతికొచ్చింది. ఆపరేషన్ నోట్స్‌లో నరం నలిగిందని ఒక లైన్ ఉంది. ప్రభుత్వాసుపత్రి అయితే సమాచార హక్కు దరఖాస్తు కూడా పెట్టొచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి.

ఆ లైన్ పట్టుకుని ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్ళాం. "పెన్షన్‌కి సర్టిఫికెట్ రాయండి సార్" అనలేదు. 40 శాతం అని రాయమనలేదు. శాతం తేల్చేది బోర్డే. నాలుగు ప్రశ్నలు రాసుకెళ్ళాం. ఏ కీలు ఎన్ని డిగ్రీలు కదులుతోంది? బలం ఏ గ్రేడ్? ఆ పది పనుల్లో ఏవి చెయ్యలేడు? ఇక బాగయ్యే అవకాశం ఉందా? డాక్టర్ కొలిచి, నరాల పరీక్ష చేయించి, ఒక పేజీ రాసిచ్చారు. మూడు సంచుల పాత చీటీల కన్నా ఆ ఒక్క పేజీ ఎక్కువ పనిచేసింది. మళ్ళీ పరీక్షలో 45 శాతం వచ్చింది.

వైకల్యాన్ని బట్టి కావలసిన కాగితం మారుతుంది. వినికిడికి ప్యూర్ టోన్ ఆడియోమెట్రీ. దాని మీద అనుమానం వస్తే బెరా పరీక్ష ఉంటుంది, అందులో మనం బటన్ నొక్కక్కర్లేదు, మెదడు స్పందన నేరుగా తెలుస్తుంది. చూపుకైతే అద్దాలు పెట్టుకున్నాక ఎంత కనిపిస్తోందో అది. మానసిక జబ్బులకి ఐడియాస్ అనే స్కేల్. తన పనులు తాను చేసుకోవడం, మనుషులతో మెలగడం, మాట అర్థం కావడం, పని, ఈ నాలుగూ చూస్తారు. ఇక్కడ ఇంట్లోవాళ్ళ మాటకి విలువ ఉంది. స్నానం ఎవరు గుర్తుచేస్తున్నారు, పని ఎప్పుడు మానేశారు, ఇవన్నీ తేదీలతో ఫోన్లో నోట్ చేసుకోండి. బాగున్న రోజులు కూడా రాయండి. అప్పుడే నమ్ముతారు.

ఆసుపత్రి గేటు దగ్గర శాతం పెంచిస్తామనేవాళ్ళు కనిపిస్తే పక్కకి తప్పుకోండి. మోసంతో లబ్ధి పొందితే రెండేళ్ళ వరకు జైలు, లక్ష వరకు జరిమానా అని అదే చట్టం 91వ సెక్షన్‌లో ఉంది. అసలు అర్హులకి ఆ అవసరం కూడా లేదు. వాళ్ళ దగ్గర నిజం ఉంది, కాగితం లేదంతే.

ఈ పండక్కి ఊరెళ్ళినప్పుడు ఒక పని చెయ్యండి. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో సదరం సర్టిఫికెట్ ఉన్నవాళ్ళుంటే అది తాత్కాలికమా, శాశ్వతమా, గడువు ఎప్పుడు అని చూడండి. రిపోర్టులన్నీ తేదీల వరసలో స్కాన్ చేసి వాళ్ళ పేరుతో ఒక ఫోల్డర్ పెట్టండి. మళ్ళీ పరీక్షకి పిలుపొస్తే పక్కన మీరూ వెళ్ళండి. "తింటాను సార్" అంటే, ఏ చేత్తో, ఎలా తింటున్నారో కూడా చెప్పమనండి.