కోడు దక్కింది, కథ పోయింది

సావనీరుకు ఏదైనా రాయమని యూనియన్ మిత్రులు పట్టుబట్టగానే నాకు గుర్తొచ్చింది, నిరుడు మా ప్రాజెక్టు పడ్డ పాట్లు. మార్కెట్ యార్డుకొచ్చే కందుల తూకం లెక్కలు చూసే ప్రోగ్రాం అది. నలుగురం కలిసి రాశాం. రిపాజిటరీ ఒక సైటులో మా సీనియర్ ఒకాయన ఖాతా కింద ఉండేది. ఆయన ఉద్యోగం దొరికి వెళ్తూ ఆ పాత ఖాతా కాస్తా తీసేశారు. ఆయన్ననడానికి లేదు, మా కాపీ మేం చూసుకోవద్దూ!

గాబరాపడ్డాం గానీ కోడు పోలేదు. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ గిట్‌ను కట్టిన తీరే అట్లాంటిది. క్లోన్ చేసుకున్న ప్రతివాడి దగ్గరా మొదటి కమిట్ నుంచి చరిత్ర ఉంటుంది. మరి పోయిందేమిటయ్యా అంటే, ఇష్యూలు. తరుగు లెక్క ఎందుకు మార్చాం, ఎవరు కాదన్నారు, ఏ బగ్గును తెలిసే వదిలేశాం, ఆ వాదులాటంతా సైటువారి డేటాబేసులో ఉండేది. గిట్‌లో దాని ఊసే లేదు. వైవాలో "ఈ వరుస ఎందుకు రాశారు?" అనడిగితే నలుగురం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం.

పెద్దవాళ్ళకూ తప్పలేదు లెండి. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేసునే చెరిపేశాడు. బ్యాకప్ ఏర్పాట్లు ఐదు రకాలున్నాయి. అక్కరకొచ్చేసరికి ఒక్కటీ సవ్యంగా లేదు. ఆరు గంటల ముందు వేరే పనికోసం తీసిన నకలు ఉండబట్టి గట్టెక్కారు. రిపాజిటరీలు భద్రం. ఆ ఆరు గంటల ఇష్యూలు, వ్యాఖ్యలు గల్లంతు. పోయిన వ్యాఖ్యలు దాదాపు 5,000 అని వారే చెప్పుకున్నారు.

ఈ సంగతి జహీరాబాద్ వాళ్ళకు ఇంకొకరు చెప్పాలా? పస్తాపూర్ చుట్టుపక్కల డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల అమ్మలు కొర్రలు, సామలు బూడిద, వేపాకు వేసి గంపల్లో దాచుకున్నారు. పాత పంటల జాతరలో ఎడ్లబండ్ల మీద ఊరూరా తిప్పారు. గుప్పెడు గింజలు అడిగి చూడండి. ఏ నేలలో, ఏ కార్తెలో, దేంతో కలిపి చల్లాలో చెప్పందే చేతిలో పెట్టరు. మెటాడేటా అంటే ఆ మాటే.

గిట్‌హబ్ వారు 2020లో స్వాల్‌బార్డ్‌లో, ప్రపంచ విత్తన ఖజానా ఉన్న ఆ మంచు దీవుల్లోనే, ఒక పాత బొగ్గు గనిలో కోడును ఫిల్ము రీళ్ళకెక్కించి దాచారు. గొప్ప పనే. కాని అందులోకి పోయింది ఒక్కో రిపాజిటరీ ఆనాటి రూపం మాత్రమే. దాని వెనకటి చర్చలు పోలేదు.

నేననేదేమంటే, మన ప్రాజెక్టులన్నిటికీ మిర్రర్ క్లోన్ తీసుకుందాం. ఇష్యూలను ఏపీఐ ద్వారా జేసన్ ఫైళ్ళుగా దించుకుందాం. వికీ వేరే రిపాజిటరీ, దాన్ని మరవద్దు. సెమిస్టరుకోసారి ఆ నకలును ఖాళీ కంప్యూటరులో తెరిచి, పనిచేస్తుందో లేదో చూడాలి. ఒక హార్డ్‌డిస్కు ల్యాబ్ బీరువాలో, ఇంకోటి వేరే బిల్డింగులో. యూనియన్ నిధుల్లోంచి రెండు డిస్కులు కొనలేమా? ఆనివర్సరీ షామియానా కిరాయి కంటే ఎక్కువేం కాదనుకుంటా.

బీరువా తాళంచెవి ఎవరి దగ్గరుండాలో కూడా కార్యదర్శి గారు ఇప్పుడే తేల్చాలి. నా ఓటు మన అటెండర్ గారికే. మూడేళ్ళకు వెళ్ళిపోయేది మేం గదా.